వాడి మాట వాణ్ణే చెప్పనివ్వండి

బడి ఉత్తరాలు: హైస్కూలు పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, టీచర్లు రాసే ఉత్తరాలకు ఒక రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే బాధ కనిపించింది. తమకు కావాల్సినదాన్ని పిల్లలు నోరు తెరిచి అడగలేకపోతున్నారు. కొందరు పిల్లలే రాశారు, కొందరి తరఫున పెద్దవాళ్ళు రాశారు. మిగతా ఉత్తరాలను వచ్చే నెలకు ఉంచి ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: టీచర్ గారూ, మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడికి డిస్లెక్సియా, అంటే చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య, ఉందని నాలుగో తరగతిలో తెలిసింది. అప్పటినుంచి ఏటా జూన్‌లో నేనే స్కూలుకు వెళ్ళి కొత్త క్లాస్ టీచర్‌కు అన్నీ చెప్పి వస్తున్నాను. వాడు పక్కన తల దించుకుని నిలబడతాడు. పది అయ్యాక ఇంటర్‌కు విజయవాడ హాస్టల్లో వేద్దామనుకుంటున్నాం. అక్కడ వాడి గురించి ఎవరు చెప్తారు? ఆ ఆలోచన వస్తే నిద్ర పట్టడం లేదు.
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీకింకా ఏడాదికి పైగా టైముంది. అది చాలు. అయితే ముందు ఒకటి అడగనివ్వండి. డిస్లెక్సియా అంటే ఏమిటో మీ అబ్బాయిని కూర్చోబెట్టి ఎవరైనా చెప్పారా? టీచర్లకు చెప్పారు, దగ్గరి చుట్టాలకూ చెప్పే ఉంటారు. మరి వాడికి? నేను చూసిన చాలా ఇళ్ళలో రిపోర్టుల ఫైలు అమ్మ బీరువాలో ఉంటుంది. పిల్లవాడికి తెలిసిందల్లా తను మొద్దునని. తనకేముందో తనకే తెలియని పిల్లవాణ్ణి నీ గురించి నువ్వు చెప్పుకోరా అంటే ఏం చెప్తాడు?

ఆ ఫైలు బయటికి తీసి వాడి ముందు పెట్టండి. అర్థం కాని చోట ఆపుతూ ఇద్దరూ చదవండి. ఇంకో సంగతి కూడా ఉంది. డిస్లెక్సియా సర్టిఫికెట్ల మీద 2018లో వచ్చిన కేంద్రం మార్గదర్శకాల్లో ఎనిమిదేళ్ళు నిండిన పిల్లలకు సర్టిఫికెట్ ఇవ్వాలన్నారు. 14 ఏళ్ళకు ఒకసారి, 18 ఏళ్ళకు ఇంకోసారి మళ్ళీ పరీక్ష చేయాలన్నారు. తొమ్మిదో తరగతి అంటే మీవాడికి ఆ వయసు వచ్చినట్టే. ఈసారి వెళ్ళేటప్పుడు వాడి ప్రశ్నలు వాడినే రాసుకోమనండి. "నేను చదివితే అక్షరాలు ఎందుకు తారుమారవుతాయి? పెద్దయ్యాక తగ్గుతుందా? నేను ఏ పద్ధతిలో చదివితే మేలు?" ఇవి డాక్టర్‌ని వాడే అడగాలి. మీరు పక్కన కూర్చోండి, వాడు తడబడినా అందుకోకండి. అది మీకు కష్టంగానే ఉంటుంది, నాకు తెలుసు.

తర్వాత చెప్పుకోవడం. ఇందులో రెండు భాగాలుండాలి. ఏది కష్టమో ఒకటి, ఏం చేస్తే వీలవుతుందో ఇంకొకటి. మొదటిది మాత్రం చెప్పి ఊరుకుంటే టీచర్ జాలిపడి, వెనక బెంచీలో కూర్చోబెట్టి వదిలేస్తారు. రెండోది చెప్తే చేయడానికి ఆమెకు ఒక పని దొరుకుతుంది. ఉదాహరణకు ఇలా: "మేడమ్, నాకు డిస్లెక్సియా ఉంది. చదవడానికి, రాయడానికి మిగతావాళ్ళకంటే ఎక్కువ సేపు పడుతుంది, వింటే మాత్రం బాగా అర్థమవుతుంది. బోర్డు మీద ఉన్నది టైముకు రాసుకోలేను. పక్కవాళ్ళ నోట్సు జిరాక్స్ తీసుకోవడానికి ఒప్పుకుంటారా?" ఇంట్లో పైకి చెప్పించండి. అన్నం తినేటప్పుడు చెప్పించండి. మీరు టీచర్‌గా నటించి "ఇప్పుడు టైం లేదు, తర్వాత రా" అని కూడా అనండి. అప్పుడు "ఎప్పుడు రమ్మంటారు మేడమ్?" అని అడగడం వాడికి అలవాటు కావాలి. ఈ ఒక్క ప్రశ్న రాకనే చాలామంది పిల్లలు మొదటిసారికే వెనక్కి తిరిగి వచ్చేస్తారు.

బడిలో ఒక్కసారిగా వాణ్ణి ఒంటరిగా పంపొద్దు. మొదట మీరు కూడా వెళ్ళండి, మాట మాత్రం వాడిది. తర్వాత మీరు వరండాలో ఉండండి, వాడు స్టాఫ్ రూంలోకి వెళ్తాడు. ఆ తర్వాత వాడే వెళ్ళి వచ్చి, సాయంత్రం ఏం జరిగిందో మీకు చెప్తాడు. ముందు తనను అభిమానించే టీచర్‌తో మొదలుపెట్టమనండి. కటువుగా ఉండే వాళ్ళ దగ్గరికి అనుభవం వచ్చాక వెళ్ళొచ్చు.

పదో తరగతిలో పెద్ద అవకాశం వస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మీ అబ్బాయికి ఉన్నది కూడా వాటిలో ఒకటి. పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ (చెప్తే రాసిపెట్టే మనిషి), రెండో లేదా మూడో భాష నుంచి మినహాయింపు వంటి సదుపాయాలు కల్పించాలని ఆ చట్టం 17వ సెక్షన్ చెప్తుంది. దరఖాస్తు హెడ్మాస్టర్ ద్వారా, నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితాలు) వెళ్ళే రోజుల్లోనే వెళ్ళాలి. ఆ దరఖాస్తును వాడి చేతే రాయించండి, అవసరమైతే వాడు చెప్తుంటే మీరు రాయండి. సంతకం వాడిది. హెచ్.ఎం. చేతికి ఇచ్చేది కూడా వాడే. నకలు మీద స్కూలు ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చుకోవాలని చెప్పండి. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి ప్రత్యేక టీచర్లకు (ఐ.ఈ.ఆర్.పి.లు) ఈ పనులన్నీ తెలుసు. వాళ్ళను ఇప్పుడే కలవండి.

స్క్రైబ్ విషయంలో తల్లిదండ్రులు ఎక్కువగా పట్టించుకోనిది ఒకటుంది. చెప్పి రాయించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. స్క్రైబ్‌గా సాధారణంగా కింది తరగతి పిల్లలు వస్తారు. వాళ్ళకు పాఠం తెలియదు. ఎక్కడ పేరా మార్చాలో, ఏ మాట కింద గీత గీయాలో, లెక్కలో ఏ మెట్టు ఎక్కడ వేయాలో మీవాడే చెప్పాలి. "నేను చెప్పింది ఒకసారి చదివి వినిపించు" అనాలి, తప్పుంటే "అది కొట్టేసి మళ్ళీ రాయి" అనగలగాలి. మొహమాటపడితే మార్కులు పోతాయి. వచ్చే ఏడాది స్కూలు పరీక్షల నుంచే స్క్రైబ్‌తో రాయించమని మీ అబ్బాయే హెచ్.ఎం.ను అడగాలి.

ఇంటర్‌లో చేరాక ఈ సదుపాయాలు వాటంతటవే రావు. మళ్ళీ కాలేజీ ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి. అప్పటికి ఆ పని మీవాడికి కొత్త కాదు. హాస్టల్ ఎంచుకునేటప్పుడు కూడా వాణ్ణి వెంట తీసుకెళ్ళండి. "రాత్రి స్టడీ అవర్‌లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాఠం వినొచ్చా?" అని వార్డెన్‌ను వాడు అడగాలి. ఆ ప్రశ్నకు అక్కడి వాళ్ళు ఎలా జవాబిస్తారో చూస్తే, అక్కడ వేయాలో వద్దో మీకు తెలిసిపోతుంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను తొమ్మిదో తరగతి. నాకు పదకొండేళ్ళప్పుడు టైప్ 1 డయాబెటిస్ వచ్చింది. పెళ్ళికి ఇబ్బంది అవుతుంది, స్కూల్లో ఎవరికీ చెప్పొద్దు అని మా అమ్మ, నానమ్మ అన్నారు. మధ్యాహ్నం బాత్రూంలో ఇన్సులిన్ వేసుకుంటాను. మొన్న మూడో పీరియడ్‌లో షుగర్ పడిపోయి చేతులు వణికాయి. బిస్కెట్ తీస్తే మ్యాథ్స్ సర్ "క్లాసులో తిండేంది" అని నిలబెట్టారు. నేనేం చెప్పలేకపోయాను. ఇప్పుడెలా చెప్పాలి?
— ఒక విద్యార్థిని, జగిత్యాల జిల్లా

జవాబు: తల్లీ, ఆ నిమిషంలో చెప్పలేకపోయానని బాధపడకు. షుగర్ పడిపోయినప్పుడు మెదడుకు చాలినంత గ్లూకోజ్ అందదు. తికమకగా ఉంటుంది, మాట పెగలదు. పెద్దవాళ్ళకైనా అంతే. అందుకే ఈ సంగతి ఒంట్లో బాగున్న రోజున ముందే చెప్పి ఉంచాలి.

అందరికీ చెప్పనక్కర్లేదు. ఎవరికి చెప్పాలో నీ ఇష్టం. కానీ నీ క్లాస్ టీచర్‌కు, ఆ మ్యాథ్స్ సర్‌కు, ఆటల సర్‌కు, నీ బెంచీలో కూర్చునే స్నేహితురాలికి తప్పకుండా తెలియాలి. ఇది నీ ప్రాణానికి సంబంధించిన విషయం. ముందు క్లాస్ టీచర్ దగ్గరికి లంచ్ టైంలో వెళ్ళు. క్లాసు జరుగుతుండగా, నలుగురి ముందు వద్దు. డాక్టర్ రాసిచ్చిన లెటర్, నీ చేతి రాతతో ఒక కాగితం తీసుకెళ్ళు. ఆ కాగితంలో ఇవి ఉంటే చాలు: "నాకు టైప్ 1 డయాబెటిస్. షుగర్ 70 కంటే తగ్గితే చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. అప్పుడు వెంటనే గ్లూకోజ్ గానీ మూడు చెంచాల పంచదార గానీ తీసుకోవాలి. పదిహేను నిమిషాలాగి మళ్ళీ షుగర్ చూసుకోవాలి. ఆ సమయంలో నన్ను ఒంటరిగా బయటికి పంపొద్దు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పెట్టకుండా 108కి ఫోన్ చేయండి." కింద అమ్మానాన్నల ఫోన్ నంబర్లు రాయి.

తర్వాత ఏం కావాలో అడుగు. "మేడమ్, క్లాసులో అవసరమైనప్పుడు తినడానికి, షుగర్ చూసుకోవడానికి నాకు పర్మిషన్ కావాలి. ఇన్సులిన్ వేసుకోవడానికి స్టాఫ్ రూంలో ఒక మూల రెండు నిమిషాలు చోటిస్తారా?" సూది వేసుకోవడానికి బాత్రూం శుభ్రమైన చోటు కాదు, అది మానేయాలి. మ్యాథ్స్ సర్‌తో కూడా నువ్వే మాట్లాడు. "సర్, ఆ రోజు నాకు షుగర్ డౌన్ అయింది, అప్పుడు చెప్పలేకపోయాను" అని మొదలుపెట్టు. నిజం తెలిశాక మారని టీచర్లను నేను తక్కువగా చూశాను. మారకపోతే ఆ కాగితం నకలుతో హెచ్.ఎం. దగ్గరికి వెళ్ళు, ఈసారి నాన్నను తోడు తీసుకుని.

నువ్వు అడుగుతున్నది కొత్త కోరికేమీ కాదు. టైప్ 1 ఉన్న పిల్లలు క్లాసులో గానీ పరీక్షలో గానీ షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ తీసుకోవడానికి, డాక్టర్ చెప్పిన వేళకు తినడానికి వీలు కల్పించాలని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో అన్ని రాష్ట్రాలకూ రాసింది. సీబీఎస్ఈ 2017లోనే పరీక్ష హాల్లోకి షుగర్ బిళ్ళలు, పండు వంటివి తీసుకెళ్ళనిచ్చింది. వచ్చే ఏడాది నీ పదో తరగతి పరీక్షలకు కూడా డాక్టర్ లెటర్‌తో హెచ్.ఎం. ద్వారా ముందుగానే అనుమతి తీసుకో. పరీక్ష రోజు గేటు దగ్గర ఈ మాటలన్నీ చెప్పుకునే పరిస్థితి రాకూడదు.

ఈ పేజీ మీ అమ్మకు చూపించు. అమ్మా, మీ భయం నాకు తెలుసు. ఆడపిల్లకు షుగరని తెలిస్తే నలుగురూ ఏమంటారో మీరు చూసే ఉంటారు. కానీ పెళ్ళి మాట రావడానికి చాలా ఏళ్ళుంది, షుగర్ పడిపోవడం రేపే జరగొచ్చు. పెళ్ళినాడైనా దాచి చేయకూడని విషయమిది. తన జబ్బు గురించి తల ఎత్తుకుని చెప్పుకోగల పిల్ల రేపు అత్తారింట్లో కూడా తన మందు, తన తిండి తను చూసుకోగలదు.

ప్రశ్న: మేడమ్, నేను పదో తరగతి. నామినల్ రోల్‌లో నా ఇంటిపేరు తప్పు పడింది. క్లర్క్ గారు సంతకం పెట్టమంటే పెట్టేశాను. చెప్తే తిడతారని భయం. పర్లేదా?
— ఒక విద్యార్థి, మార్కాపురం

జవాబు: పర్లేదని ఊరుకోకు నాన్నా, రేపే వెళ్ళు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీనే ఉద్యోగానికైనా పాస్‌పోర్టుకైనా అడుగుతారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో సరిచేసే వీలుంటే పది నిమిషాల పని. సర్టిఫికెట్ అచ్చయ్యాక అయితే హెచ్.ఎం. నుంచి డీఈఓ ఆఫీసుకు, అక్కడినుంచి పరీక్షల డైరెక్టర్ ఆఫీసుకు ఫైలు తిరగాలి. ఆధార్ జిరాక్స్ పట్టుకెళ్ళు. "సర్, నేను సరిగ్గా చూడకుండా సంతకం పెట్టాను. అడ్మిషన్ రిజిస్టర్‌లో ఎలా ఉందో ఒకసారి చూసి దాని ప్రకారం మార్చగలరా?" అను. ఆయన విసుక్కున్నా అక్కడే నిలబడు. మార్చాక ప్రింట్ చూపించమని అడిగి, అమ్మ పేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ, మీడియం, భాషలు, పుట్టుమచ్చలు అన్నీ చదివి అప్పుడు సంతకం పెట్టు. మీ క్లాసులో మిగతావాళ్ళకు కూడా చెప్పు.

పేరు, ఊరు రాయొద్దన్న అమ్మాయికి: నీ ఉత్తరం ఇక్కడ వేయడం లేదు. ఈ పేజీలో మిగతా పిల్లలకు నువ్వే మాట్లాడు, నువ్వే అడుగు అని చెప్తున్నాను. నీకు అలా చెప్పను. ఆ మనిషితో నువ్వు మాట్లాడాల్సిన పని లేదు, ధైర్యం తెచ్చుకుని ఎదిరించాల్సిన బాధ్యత నీ మీద లేదు. నువ్వు నమ్మే ఒక పెద్ద మనిషికి, అది అమ్మ కావచ్చు, పిన్ని కావచ్చు, ఒక టీచర్ కావచ్చు, నాకు రాసినట్టే రాసి ఇవ్వు. ఎవరూ లేరనిపిస్తే 1098కి ఫోన్ చెయ్యి. డబ్బులు పడవు, రాత్రయినా ఎత్తుతారు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసిన పెద్దవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. నీ వాంగ్మూలం మీ ఇంట్లోనో నీకు నచ్చిన చోటో తీసుకోవాలి, తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో రాకూడదు. నీ పేరు, నీ స్కూలు పేరు ఎక్కడా బయటపెట్టకూడదు. తప్పు నీది కాదు. నా జవాబు చూశాక మళ్ళీ రాయి.

ప్రశ్న: మా అమ్మాయికి పదిలో చాలా మంచి మార్కులొచ్చాయి. ఎంపీసీలో సీటు మాట్లాడి వచ్చాం. ఇప్పుడు లా చదువుతాను, సీఈసీ తీసుకుంటానంటోంది. ఇంట్లో మాతో సరిగ్గా మాట్లాడటం మానేసింది. ఒకసారి మాట్లాడితే ఏడుపు, అరుపులు. మీ పేజీ క్రమం తప్పకుండా చదువుతుంది. మీరు నచ్చజెప్తే వింటుంది.
— ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అయ్యా, మీ అమ్మాయి ఏమంటోందో మీరు మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్నారా? ఉత్తరంలో ఆమె ఏం కావాలంటోందో రాశారు, ఎందుకు కావాలంటోందో రాయలేదు. అది మీకు తెలియదని నాకనిపించింది.

కాబట్టి ముందు అమ్మాయితో మాట్లాడతాను. తల్లీ, ఏడిస్తే నాన్నకు నీ దుఃఖం కనిపిస్తుంది, నీ ఆలోచన కనిపించదు. నాన్నతో "ఆదివారం పొద్దున నాకు అరగంట కావాలి" అని ముందే చెప్పు. ఒక కాగితం మీద అన్నీ రాసుకుని కూర్చో. లా ఎందుకు చదవాలనుకుంటున్నావు, అది చదివినవాళ్ళు ఏం చేస్తున్నారు, ఎక్కడ చదవాలి, ఫీజు ఎంత, సీటు రాకపోతే ఏం చేస్తావు. చివరి ప్రశ్నకు జవాబు బాగా సిద్ధం చేసుకో, నాన్న భయం అక్కడే ఉంది. దగ్గర్లో ఉన్న ఒక అడ్వకేట్‌ను కలిసి మాట్లాడి రా, ఆయన చెప్పినవి కూడా రాసుకో.

నిజాలు కూడా సరిగ్గా చెప్పు. ఎంపీసీ చదివితే లాయర్ కాలేనని మాత్రం వాదించకు, అది నిజం కాదు. క్లాట్ రాయడానికి ఏ గ్రూపైనా ఫర్వాలేదు. హైదరాబాద్‌లోని నల్సార్‌కైనా విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకైనా ఆ పరీక్షతోనే సీట్లిస్తారు. లాసెట్ రాసి ఐదేళ్ళ కోర్సులో చేరడానికి కూడా గ్రూపుతో పని లేదు. నీ వాదనకు బలం వేరే చోట ఉంది. క్లాట్‌లో అడిగేది ఇంగ్లీషు, వర్తమాన విషయాలు, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, పదో తరగతి స్థాయి లెక్కలు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఐఐటీ కోచింగ్‌లో కూర్చుంటే వీటికి టైం ఎక్కడినుంచి వస్తుంది? ఆ మాట చెప్పు.

అయ్యా, ఆ అరగంటలో మీరు ప్రశ్నలు మాత్రం అడగండి. తీర్పు ఆ రోజే చెప్పొద్దు. తర్వాత మీ వంతు. మీ భయమేమిటో ఆమెకు దాపరికం లేకుండా చెప్పండి. ఉద్యోగం గురించా, అప్పు గురించా, నలుగురూ ఏమనుకుంటారనా? ఏదైనా సరే, పదిహేనేళ్ళ పిల్లకు అర్థమవుతుంది. నా అభిప్రాయం అడిగితే మాత్రం సీఈసీలోనే చేర్చండి అంటాను. ఇష్టం లేని గ్రూపులో చేరి, రెండేళ్ళు చదవలేక, చదవలేకపోతున్నానని ఇంట్లో చెప్పుకోలేక నలిగిపోయిన పిల్లలు నా దగ్గరికి టీసీల కోసం, స్టడీ సర్టిఫికెట్ల కోసం వచ్చినప్పుడు వాళ్ళ ముఖాలు చూశాను. మీ అమ్మాయి ఇంకా మీతో పోట్లాడుతోంది. అంటే మీరు వింటారన్న ఆశ ఇంకా ఉంది.

ప్రశ్న: మేడమ్, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. డౌట్లున్నాయా అంటే ఒక్కరూ చెయ్యెత్తరు. అర్థమైందా అంటే అందరూ "అయింది సార్" అంటారు. పరీక్షలో పేపర్లు ఖాళీ. వీళ్ళతో నోరు తెరిపించడం ఎలా?
— ఒక స్కూల్ అసిస్టెంట్, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మాస్టారూ, ఈ ఉత్తరం రాసినందుకు చాలా సంతోషం. పిల్లల్ని అడగమని పై జవాబుల్లో చెప్పాను. కానీ వినేవాళ్ళు బాగుంటేనే అడిగేవాళ్ళకు నోరు వస్తుంది. అందులో సగం మన చేతుల్లో ఉంది.

మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో అడిగితే "పెద్దవాళ్ళకు ఎదురు చెప్తావా" అనే మాట వినపడుతుంది. బడిలో అడిగితే "ఇది కూడా తెలీదా" అంటాం. మొదటి నెలలో ఎవరో ఒకరికి ఆ మాట తగిలితే చాలు, మిగతా తరగతి అంతా ఏడాది పొడుగునా నోరు కుట్టేసుకుంటుంది. కాబట్టి మొదటి ప్రశ్న వేసిన పిల్లకు మీరేం చెప్తారన్నది చాలా ముఖ్యం. ఎంత చిన్న ప్రశ్నయినా సరే, దానికి నిలబడి జవాబు చెప్పండి. చూసి నవ్విన వాళ్ళను అక్కడికక్కడే ఆపండి.

"డౌట్లున్నాయా" అని అడగడం మానేయండి. దానికి లేవని చెప్పడమే సులువు. "ఓం నియమంలో ఏ మాట దగ్గర ఆగిపోయారు? చీటీ మీద రాయండి, పేరొద్దు" అనండి. చీటీలు చదివి మర్నాడు వాటితోనే పాఠం మొదలుపెట్టండి. తను రాసిన చీటీకి టీచర్ జవాబు చెప్పారని చూసిన పిల్ల కొన్నాళ్ళకు చెయ్యెత్తుతుంది. వెనక బెంచీల దగ్గరికి వెళ్ళి నిలబడి అడగండి. ఆడపిల్లలు మీతో అనలేని మాటలు కొన్ని ఉంటాయి. పీరియడ్స్ వచ్చిన రోజు బయటికి వెళ్ళాలంటే కారణం అడగొద్దు, పంపేయండి.

ఇంకొకటి మా బడిలో చేసి చూశాం, అది నాకు అన్నిటికంటే నచ్చింది. యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్ది ఇచ్చిన రోజున ఒక పీరియడ్ మొత్తం పిల్లలకే వదిలేసేవాళ్ళం. ఎవరి పేపరు వాళ్ళు చూసుకుని, మార్కులు కూడుకుని, తేడా ఉందనిపిస్తే చీటీ మీద రాసి ఇవ్వాలి. ఎన్నో ప్రశ్న, ఎన్ని మార్కులు వేశారు, ఎన్ని రావాలనుకుంటున్నావు, ఎందుకు. ఆఖరిది లేకపోతే చీటీ తిరిగి ఇచ్చేసేవాళ్ళం. మొదట్లో "సార్ ఒక్క మార్కు వేయండి సార్" అని వచ్చేవాళ్ళు. తర్వాత "మూడో ప్రశ్నలో పటం వేశాను, భాగాలు గుర్తించాను, దానికి మార్కు పడలేదు" అని రావడం మొదలైంది. న్యాయమైతే వేశాం. కాకపోతే ఎందుకు కాదో చెప్పి పంపాం. మార్కు రాకపోయినా పిల్లలు ముఖం మాడ్చుకోలేదు. తమ మాట విన్నారు, అది చాలు వాళ్ళకు. ఇక కక్షలంటారా, ఎదురడిగిన పిల్లవాడి మీద కక్ష పెట్టుకునే టీచర్లు ఉన్నారు, లేరని నేననను. అందుకే స్కూలు మొత్తానికీ ఒకే పద్ధతి ఉండాలి. చీటీ ఇవ్వడం తరగతిలో అందరికీ ఉన్న పనైతే ఏ ఒక్కడూ వేలెత్తి చూపినవాడు కాడు.

ఈ అలవాటు ముందుముందు ఎంత పనికొస్తుందో చూడండి. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా పడింది. మళ్ళీ చూస్తే 99. ఆ ఏడాది ఎన్ని ఇళ్ళలో ఎంత దుఃఖం మిగిలిందో మనందరికీ తెలుసు. దిద్దిన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి రీకౌంటింగ్ ఉంది, సబ్జెక్టుకు 500 రూపాయలు. రీవెరిఫికేషన్‌కు 1000 రూపాయలు కడితే జవాబు పత్రం నకలు కూడా ఇస్తారు. మొదటిది కూడిక సరిచూడడమే. రెండోదానిలో దిద్దకుండా వదిలేసిన జవాబులున్నాయేమో కూడా చూస్తారు. పేపరంతా కొత్తగా దిద్దరు. ఈ తేడాలు పదో తరగతి పిల్లలకు మార్చిలోనే చెప్పండి. ఫలితాలు వచ్చాక గడువు కొద్ది రోజులే ఉంటుంది, ఆ కాస్త టైమూ ఏడుపులోనే గడిచిపోతుంది. తక్కువ మార్కులొస్తే మొదటి రోజే ఎవరికి ఫోన్ చేయాలో కూడా వాళ్ళకు తెలియాలి. మీ నంబరు బోర్డు మీద రాయండి. దాని కింద 14416 కూడా రాయండి. అది టెలి మానస్, మనసు బాగా లేనప్పుడు ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు.

వచ్చే యూనిట్ టెస్ట్‌కు ఎనిమిదో తరగతితో మొదలుపెట్టండి. పదో తరగతికి సిలబస్ టెన్షన్, తీరిక దొరకదు. చీటీల్లో ఏమొచ్చిందో నాకు రాయండి. మీ పిల్లలు ఒప్పుకుంటే, పేర్లు లేకుండా కొన్నిటిని ఈ పేజీలో వేస్తాను.